తట్టకు క్లోరిన్, పట్టుకు కుంకుడు – కడిగే సరుకును ఎంచుకోవడం ఎలా?

(కోరాపుట్, రాయగడ జిల్లాల సరిహద్దు గ్రామాల పట్టు రైతులకు, మహిళా సంఘాలకు చేసిన ప్రసంగ పాఠం)



ఆకు గురించి, గుడ్ల గురించి, చాకీ గురించి సమావేశాల్లో ఎన్నోసార్లు మాట్లాడుకుంటాం. ఈ రోజు కడిగే సరుకు గురించి మాట్లాడుకుందాం. సబ్బు, చాకలి సోడా, బ్లీచింగ్ పౌడరు, సున్నం, యాసిడ్ – ఇవన్నీ సంతలో ఒకే దుకాణంలో పక్కపక్కనే ఉంటాయి. అన్నీ మురికి పోగొట్టేవే కదా అని చేతికి అందినది కొనేస్తాం. ఇంటికి తెచ్చాక అదే పొడితో తట్టలూ కడుగుతాం, అదే పొడితో పట్టుచీరా ఉతుకుతాం. నష్టం ఇక్కడే మొదలవుతుంది.

పట్టు రైతు ఇంట్లో కడిగే పని రెండు రకాలు. ఒకటి పురుగుల గది, తట్టలు, వలలు, చంద్రికలు కడగడం. రెండవది పట్టుబట్టలు, ఉన్ని కంబళ్ళు, రత్నకంబళ్ళు, జంపఖానాలు ఉతకడం. పంటకు పంటకు మధ్య ఖాళీ రోజుల్లో లాడ్జీల, ఆఫీసుల, కల్యాణ మండపాల తివాచీలు కడిగే పని పట్టుకుందామనుకునే సంఘాలకు ఈ రెండవది జీవనాధారం కూడా కావచ్చు. మొదటి పనికి ఘాటైన సరుకు కావాలి. రెండవ పనికి ఆ ఘాటే శత్రువు. పురుగుల గదిలో ఘాటు తగ్గితే పంట పోతుంది. పట్టు మీద ఘాటు పడితే పట్టే పోతుంది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఈ విషయంలో అక్షరాలా నిజం.

కావున ఒక్క మాట గుర్తుంచుకోండి. మురికిని చూసి సరుకు కొనకూడదు. కడగబోయే వస్తువు దేనితో చేసినదో చూసి కొనాలి.

పట్టు, ఉన్ని ఒక జాతి – నూలు, జనుము మరో జాతి

పట్టుదారం పురుగు ఒంట్లోంచి వచ్చింది. ఉన్ని గొర్రె ఒంటి మీద పెరిగింది. రెండూ మాంసకృత్తులే, మన జుట్టు లాంటివే. నూలు, జనుము మొక్కల నుంచి వచ్చిన నారలు. ఈ రెండు జాతుల స్వభావాలు వేరు. నూలు చాకలి సోడాకు, ఉడుకుకు తట్టుకుంటుంది. పట్టు, ఉన్ని క్షారానికి, అంటే సోడా, సున్నం, కాస్టిక్ వంటి వాటికి తట్టుకోలేవు. క్లోరిన్‌కు అసలే తట్టుకోలేవు.

ఇది మామూలుగా చెప్పే జాగ్రత్త మాట కాదు. ఉన్ని, నూలు కలిసిన బట్టలో ఉన్ని ఎంత ఉందో తేల్చవలసి వచ్చినప్పుడు, బట్టల పరీక్షశాలలో ఆ ముక్కను హైపోక్లోరైటు ద్రావణంలో వేస్తారు. ఉన్ని కరిగిపోతుంది, నూలు మిగులుతుంది. పట్టు వేసినా అంతే. మనం వాడే బ్లీచింగ్ పౌడరులో పనిచేసేది ఆ హైపోక్లోరైటే. 1799లో గ్లాస్గో నగరంలో చార్లెస్ టెనంట్ ఈ పొడికి పేటెంటు పొందినది నూలు, నార బట్టలు తెల్లబరచడం కోసం. పట్టు కోసం కాదు.

ఇక్కడ ఒక ప్రశ్న రావచ్చు. "దారం తీసే చోట పట్టును సబ్బు, సోడా వేసి ఉడకబెడతారు కదా, అప్పుడు పాడవదా?" మంచి ప్రశ్న. మల్బరీ పట్టుదారం మీద సుమారు నాలుగో వంతు బంక ఉంటుంది. సబ్బు, సోడా నీళ్ళలో ఉడికించడం ఆ బంక తీయడానికే. అక్కడ సోడాకు కొలత ఉంటుంది, ఉడికే సమయానికి లెక్క ఉంటుంది. దించిన వెంటనే బాగా జాడిస్తారు. ఒకసారి నేసి ఇంటికి వచ్చిన చీరకు వదులుకోవడానికి బంక లేదు. ఇప్పుడు సోడా వేస్తే అది తినేది దారాన్నే. మొదట మెరుపు పోతుంది, తరువాత దారం పెళుసవుతుంది, చివరకు మడతల దగ్గర చిరుగుతుంది.

పసుపు కాగితం పరీక్ష

ప్యాకెట్టు మీద అక్షరాలు ఒడియాలోనో, హిందీలోనో, ఇంగ్లీషులోనో ఉండవచ్చు. చదివేవారు దగ్గర లేనప్పుడు ఏం చేయాలి? పసుపులో సున్నం కలిపితే ఎర్రనీళ్ళు అవుతాయని మన ఇళ్ళలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. సున్నం క్షారం కనుక పసుపు ఎర్రబడింది. అదే మన పరీక్ష.

తెల్లకాగితాన్ని పసుపు నీళ్ళలో ముంచి నీడన ఆరబెట్టండి. చిన్న ముక్కలుగా కత్తిరించి దాచుకోండి. కొన్న సబ్బునో పొడినో కొద్దిగా నీళ్ళలో కలిపి, ఒక చుక్క ఆ కాగితం మీద వేయండి. ఎర్రబడితే అది క్షారం, పట్టుకూ ఉన్నికీ పనికిరాదు. పసుపుగానే ఉంటే క్షారం లేదన్నమాట. అయితే పసుపుగా ఉన్నంత మాత్రాన మంచిదని అనుకోరాదు. మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌కు కూడా పసుపు మారదు. అందుకు ఎర్రమందార పూరేకులు రుద్దిన కాగితం మరొకటి ఉంచుకోండి. ఆమ్లానికి అది గులాబీ ఎరుపుకు, క్షారానికి ఆకుపచ్చకు తిరుగుతుంది. పట్టణంలో మందుల, ప్రయోగశాల సామాన్ల దుకాణంలో పి.హెచ్. కాగితం దొరికితే ఇంకా మేలు. 7 అంకె తటస్థం. పట్టుకు, ఉన్నికి 5 నుంచి 7 లోపు ఉన్న సరుకు క్షేమం.

ఏ సరుకు దేనికి?

1. కుంకుడుకాయ, శీకాయ: పట్టుకు, ఉన్నికి ఇవి ఇప్పటికీ మంచి ఎంపిక. నురుగు ఇస్తాయి, క్షారం లేదు. గింజ తీసిన కాయలను రాత్రి నానబెట్టి, ఉదయం పిసికి, పలుచని గుడ్డలో రెండుసార్లు వడకట్టాలి. చీరకు పది పన్నెండు కాయలు చాలు. తెల్లపట్టు మీద కాస్త పసుపుచాయ మిగలవచ్చు, కనుక తెల్లవాటికి పలుచగా వాడి ఎక్కువ నీళ్ళతో జాడించాలి.

2. ఉన్ని, పట్టు బట్టలకని రాసిన ద్రవ సబ్బు: తటస్థంగా ఉండేలా తయారుచేస్తారు. ఎక్కువ తివాచీలు కడిగే సంఘాలకు ఇది అనువు. కొన్నాక మాత్రం పసుపు పరీక్ష చేయండి.

3. బట్టల సబ్బు: క్షారం ఉంటుంది. నూలు జంపఖానాలకు, లుంగీలకు, తువ్వాళ్ళకు సరిపోతుంది.

4. డిటర్జెంట్ పొడి: ఇందులో సోడా ఉంటుంది. చాలా రకాల్లో ఎంజైములు కూడా ఉంటాయి. రక్తం, పాలు, గుడ్డు మరకలను కొరికి తీసే పని వాటిది. ఆ మరకలూ మాంసకృత్తులే, పట్టూ మాంసకృత్తే. ఎంజైముకు ఆ తేడా తెలియదు. ప్యాకెట్టు మీద ఎంజైమ్ అనే మాట ఉంటే పట్టుకు, ఉన్నికి వాడరాదు. ఈ సంగతి పసుపు కాగితం చెప్పదు, చదివించుకోవలసిందే.

5. చాకలి సోడా: నూలుకు మాత్రమే. కాస్టిక్ సోడా ఏ నేత వస్తువుకూ ఇంట్లో వాడవద్దు. మరిగే కాస్టిక్ నీళ్ళలో పట్టు, ఉన్ని నిమిషాల్లో కరుగుతాయి. చేతులూ కాలుతాయి.

6. వెనిగర్: ఉతకడానికి కాదు, చివరి జాడింపుకు. ఒక బకెట్టు నీళ్ళకు పావు గ్లాసు చాలు. మిగిలిన సబ్బు క్షారాన్ని విరిచి పట్టుకు మెరుపు నిలుపుతుంది. బ్యాటరీ యాసిడ్, మరుగుదొడ్డి యాసిడ్ దీనికి బదులు కావు.

7. బ్లీచింగ్ పౌడరు, బ్లీచింగ్ ద్రవం: పురుగుల గదికి మిత్రుడు. పట్టుకు, ఉన్నికి విషం.

తివాచీలు కడిగే సంఘాలకు

తివాచీ చేతికి రాగానే నీళ్ళు పోయకండి. ముందు అది దేనితో నేసినదో చూడండి. ఏలూరు ఉన్ని తివాచీలకు పేరుపడ్డ ఊరు. వరంగల్ జంపఖానాలు నూలువి, వాటికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చూపుకు రెండూ నేలమీద పరిచేవే, కడిగే సరుకు మాత్రం ఒకటి కాదు. అంచు నుంచి ఒక పోగు తీసి కాల్చండి. జుట్టు కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ళ మధ్య నలిగితే ఉన్ని లేదా పట్టు. కాగితం కాలిన వాసన వస్తే నూలు లేదా ఆర్ట్ సిల్కు. ఆర్ట్ సిల్కు మెరుపు చూసి మోసపోవద్దు. తడిస్తే దాని బలం తగ్గుతుంది, గట్టిగా రుద్దితే పాడవుతుంది. ముడుచుకుని గట్టి ముత్యంలా అయితే అది నైలాన్, పాలిస్టర్ వంటి కృత్రిమ దారం. అడుగున నూలు పడుగు, పైన ఉన్ని ఉన్న తివాచీలు చాలా ఉంటాయి. పడుగు నూలుదైనా సరే, ఉన్నికి తగిన సరుకే వాడాలి.

తరువాత రంగు పరీక్ష. ఒక మూలను తడిపి, తెల్లగుడ్డ అద్ది ఐదు నిమిషాలు ఒత్తి ఉంచండి. గుడ్డకు రంగు అంటితే ఆ తివాచీని ముంచవద్దు. వాడబోయే సబ్బునీటితో కూడా ఇదే పరీక్ష చేయండి. రాయగడ, కలహండి జిల్లాల డోంగ్రియా కొంధుల కప్డాగండా శాలువలో లేత రంగు గుడ్డ మీద ముదురు రంగు దారాల కుట్టుపని ఉంటుంది. దానికి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఒక్క దారం రంగు వదిలినా గుడ్డంతా మరక. కోరాపుట్ జిల్లా కోట్‌పాడ్ నేతకు 2005లోనే ఆ గుర్తింపు ఉంది. అక్కడి ఎరుపు, గోధుమ రంగులు ఆల్ చెట్టు, అంటే మన తొగరు చెట్టు వేరు నుంచి వస్తాయి. ముదురు చాయలకు అన్నభేది కలుపుతారు. అన్నభేదితో వచ్చిన చాయ మీద నిమ్మరసం, వెనిగర్ పడితే రంగు పలచబడవచ్చు. కావున అటువంటి బట్టకు చివరి వెనిగర్ జాడింపు మానండి. పట్టుకు మంచిదన్న వెనిగర్ కూడా అన్నిటికీ మంచిది కాదని గమనించండి.

"భదోహి వంటి పెద్ద తివాచీ కేంద్రాల్లో బ్లీచింగ్ పౌడరు, కాస్టిక్ సోడా వాడతారట కదా?" అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. కొత్తగా నేసిన ఉన్ని తివాచీకి మెరుపు రావడానికి ఆ రసాయనిక కడుగుడు చేస్తారు. కొలత తెలిసినవారు చేసి, ఆ వెంటనే ఆమ్లంతో విరుస్తారు. అయినా ఉన్ని కొంత బలం కోల్పోతుంది. వాడకంలో మాసిన తివాచీకి మనం చేసేది అది కాదు. గిరాకీదారుడు ఇచ్చిన వస్తువు మన సొత్తు కాదు. ఒక్క తివాచీ పాడైతే దాని వెల కట్టుకోవడానికి సంఘం పొదుపు సరిపోకపోవచ్చు.

కడిగే వరుస ఇలా ఉండాలి. ముందు తిరగేసి కర్రతో తట్టి ధూళి దులపాలి. ఎంత ధూళి పొడిగా పోతే అంత సబ్బు ఆదా. చన్నీళ్ళు లేదా గోరువెచ్చని నీళ్ళే వాడాలి. వేడినీళ్ళలో రుద్దితే ఉన్ని గడ్డకట్టి ముడుచుకుంటుంది. మెత్తని బ్రష్షుతో పోగు వాలిన దిక్కుకే రుద్దాలి. నురుగు పోయేదాకా జాడించాలి. పిండకూడదు, నీళ్ళు ఒత్తి తీసి నీడన, గాలిలో పరచాలి. వర్షాకాలంలో మన కొండల మీద ఆరడం కష్టం. తడి మిగిలితే బూజు పడుతుంది. ఆరబెట్టే చోటు లేనప్పుడు తివాచీ ఒప్పుకోకపోవడమే మేలు.

నీళ్ళు కూడా చూడండి. వాననీరు సబ్బుకు బాగా నురుగిస్తుంది. బోరునీళ్ళలో నురుగు రాక తెల్లని తెట్టు కడితే అవి చవుడు నీళ్ళు. ఆ తెట్టు ఉన్నికి అంటి మాసినట్టు కనిపిస్తుంది. అక్కడ సబ్బు మాని ద్రవ డిటర్జెంటు వాడండి. బోరునీరు ఎర్రగా తేరుతూ ఉంటే అందులో ఇనుము ఉంది, తెల్లపట్టుకు మరక పడుతుంది.

పురుగుల గదికి

ఇప్పుడు ఘాటు కావలసిన చోటికి వద్దాం. కంటికి కనిపించే మురికి వేరు, రోగక్రిములు వేరు. 1865లో ఫ్రాన్సులో పట్టుపురుగులు గుంపులుగా చస్తుంటే లూయీ పాశ్చర్ ఆ రోగం మీద ఐదేళ్ళు పనిచేశారు. సూక్ష్మదర్శినిలో చూసి రోగం లేని గుడ్లు ఏరుకునే పద్ధతి ఆ పరిశోధన ఇచ్చిన వరం. తళతళలాడే తట్టలో కూడా పాలరోగం, సున్నపుకట్టు రోగం క్రిములు ఉండవచ్చు. సబ్బు ఒక్కటే వాటిని చంపలేదు. కుంకుడు అసలు చంపలేదు.

పాళ్ళు ఇవి: 10 లీటర్ల నీటికి 200 గ్రాముల బ్లీచింగ్ పౌడరు, 30 గ్రాముల తడిపి పొడిచేసిన సున్నం. అంటే 2 శాతం బ్లీచింగ్, 0.3 శాతం సున్నం. చదరపు మీటరు నేలకు లీటరున్నర చొప్పున గోడలకు, నేలకు, కప్పుకు తడిసేలా చల్లాలి. 10 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గదికి సుమారు 14 లీటర్లు పడుతుంది. తట్టలను, వలలను ఇదే ద్రావణంలో 10 నిమిషాలు ముంచి, తరువాత ఎండబెట్టాలి. పంట అయిన వెంటనే ఒకసారి, తరువాతి పంటకు పురుగులు తేవడానికి రెండు మూడు రోజుల ముందు మరొకసారి చేయాలి.

ఒక ముఖ్య విషయం. ముందు కడగాలి, తరువాతే మందు చల్లాలి. ఆకుముక్కలు, లద్దె అంటుకుని ఉన్న తట్ట మీద చల్లితే క్లోరిన్ బలమంతా ఆ మురికికే ఖర్చవుతుంది. క్రిమి దాకా చేరదు.

బ్లీచింగ్ పౌడరు కొనేటప్పుడు ఐ.ఎస్. 1065 గుర్తు, తయారైన తేదీ చూడండి. ఘాటు వాసన ఉండాలి, పొడిపొడిగా ఉండాలి. గడ్డకట్టి, తడిసి, వాసన పోయినది చవకగా ఇచ్చినా వద్దు. అది క్లోరిన్ పోయిన పొడి, సున్నంతో సమానం. ఇంట్లో గాలి తగలకుండా కట్టి, పొడిచోట ఉంచండి. కలిపిన ద్రావణం ఆ రోజే వాడేయాలి. ఇనుప సామానుకు ఇది తుప్పు పట్టిస్తుంది. ఫార్మలిన్ వాడదలచినవారు ఒకటి గమనించాలి. గది గాలి చొరకుండా మూసి, 25 డిగ్రీల పైన వేడి ఉంటేనే అది సరిగా పనిచేస్తుంది. కోరాపుట్ కొండల మీద చలికాలంలో ఆ వేడి దొరకదు. పైగా దాని ఆవిరి మనిషికి క్యాన్సర్ కారకం.

గుమ్మం దగ్గర కాళ్ళు తుడుచుకునే మందుపట్టాకు గోనె వాడండి. పాత ఉన్ని కంబళి, పాత పట్టుగుడ్డ వేస్తే క్లోరిన్ వాటిని తినేస్తుంది, తన బలమూ పోగొట్టుకుంటుంది. గోనె పట్టాను కూడా చివికిన వెంటనే మార్చాలి.

రెండు పనులూ ఒకే ఇంట్లో చేసేవారికి

బ్లీచింగ్ బకెట్టు వేరుగా, ఎర్రగుడ్డ కట్టి ఉంచండి. అదే బకెట్టులో పట్టు నానబెట్టకండి. బ్లీచింగ్ పౌడరులో యాసిడ్ గాని, వెనిగర్ గాని ఎప్పుడూ కలపవద్దు. క్లోరిన్ వాయువు లేచి ఊపిరి పట్టేస్తుంది. చేతికి తొడుగు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి.

ఉన్నికి చిమటలు పట్టకుండా కలరా ఉండలు, పురుగుమందు వేసేవారున్నారు. ఆ తివాచీ మీకు కడగడానికి వస్తే పురుగుల గదికి, మల్బరీ తోటకు దూరంగా విప్పండి. పట్టుపురుగు కూడా పురుగే. చిమటను చంపేది దాన్నీ చంపుతుంది. తివాచీ తట్టిన చేతులతో, బట్టలతో ఆకు వేయడానికి వెళ్ళకండి, కడుక్కుని మార్చుకుని వెళ్ళండి. ఉన్నిని తినే పెంకుపురుగుల జాతి దాచిన పట్టుగూళ్ళను కూడా తొలుస్తుంది. కావున తివాచీలను, గూళ్ళను ఒకే గదిలో నిలవ చేయరాదు.

కడిగిన నీళ్ళను గెడ్డలోకి వదలవద్దు. మన గెడ్డలు నాగావళిలో, వంశధారలో, కొలాబులో కలుస్తాయి. క్లోరిన్ నీటికి చేపలు చస్తాయి. దిగువ ఊళ్ళవారు ఆ నీటినే వాడుకుంటారు. తోటకు, బావికి దూరంగా గుంత తవ్వి అందులో ఇంకనివ్వండి.

చివరగా, సంతలో డబ్బు ఇచ్చే ముందు నాలుగు ప్రశ్నలు వేసుకోండి. కడగబోయేది ఏ జాతి వస్తువు? పోగొట్టవలసింది మురికా, రోగక్రిమా? పసుపు కాగితం ఏం చెప్పింది? ప్యాకెట్టు మీద తేదీ, ఎంజైమ్ మాట చదివించానా? ఈ నాలుగింటికీ జవాబు దొరికితే కొనండి. దొరకకపోతే ఆ వారానికి కుంకుడుకాయతో సరిపెట్టుకోండి. పంటకు ముందు బ్లీచింగ్ పౌడరు దగ్గర మాత్రం సరిపెట్టుకోవద్దు. తాజాది దొరికేదాకా వెతికి తెచ్చుకోండి.